గొంతు ఎక్కించిన మధ్యాహ్నం

మళ్ళీ ఆగిపోయింది. నల్లటి తెర మీద గబగబా పైకి పాకిపోతున్న తెల్లటి అక్షరాలన్నీ ఒక్కసారి నిలబడ్డాయి, చివరి వరసలో ఎర్రర్ అనే మాట, దాని కింద కర్సరు ఇప్పుడేం చేస్తావు అన్నట్టు కొట్టుకుంటోంది, సిల్వియా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, వెంటనే తీసి మళ్ళీ కీబోర్డు మీద పెట్టింది. బయట వాన. నిన్నటి నుంచి ఏలూరు మీద ఆకాశం దిగి కూర్చుంది, తమ్మిలేరు గట్టు దాకా వచ్చిందని పాలాయన చెప్పి వెళ్ళాడు. వెనక మంచం మీద అమ్మ. అమ్మ ఊపిరి. విజయవాడలో ఆపరేషన్ చేసి గొంతు తీసేసిన దగ్గర్నుంచీ సువార్తమ్మ మెడలో పెట్టిన రంధ్రంతోనే ఊపిరి తీస్తుంది, దాని మీద కట్టిన తెల్లగుడ్డ సన్నగా లేచి పడుతుంటుంది, మాట లేదు, కేక లేదు, దగ్గు కూడా అమ్మ దగ్గులా ఉండదు, కానీ ఆ ఊపిరి చప్పుడులోనే కోపం ఉంటుంది, నవ్వు ఉంటుంది, అలవాటైన చెవికి తెలుస్తుంది. ఇప్పుడందులో తొందర ఉంది. ఉండవే అమ్మా, అనబోయి ఊరుకుంది సిల్వియా. తొందరపెట్టేది అమ్మ కాదు, కంప్యూటర్ పక్కన బల్ల మీదున్న టెలిఫోను. అది ఆకివీడు నుంచి ఏ క్షణాన్నయినా మోగుతుంది, అప్పటికి ఈ పెట్టె అమ్మ బదులు మాట్లాడాలి.

పొద్దున్న జీవన్ అన్నయ్య చేశాడు. పెద్దమ్మ కొడుకు, చేపల మేత కొట్టు పెట్టుకున్నవాడు, ఎప్పుడూ వెనకాల లారీల రొదతో కేకలేస్తూ మాట్లాడేవాడు, ఇవాళ మెల్లిగా మాట్లాడాడు, అందుకే భయమేసింది. "సిల్వీ, అమ్మకి బాగోలేదమ్మా. డాక్టరు గారు భీమవరం తీసుకెళ్ళినా లాభం లేదన్నారు, గుండె అలిసిపోయిందంట. పిన్ని కోసం అడుగుతోంది. ఇంకేం అడగట్లేదు." వెళ్ళాలి, వెంటనే బయల్దేరాలి, ఎలా బయల్దేరతారు, కైకలూరు రోడ్డు మీద కొల్లేరు పారుతోంది, పోనీ చుట్టూ తిరిగి గూడెం మీదుగా వెళదామంటే అక్కడ ఎర్రకాలువ పొంగింది, బస్సులన్నీ డిపోలో నిలబడి తడుస్తున్నాయి. సెల్లుకి సిగ్నలు గాలివానకే పోయింది. మిగిలింది ఈ తీగ ఒక్కటే. నీళ్ళ అడుగునో, స్తంభాల మీదనో, ఎక్కడెక్కడి చెరువు గట్ల మీదుగానో తడుస్తూ ఆకివీడు దాకా వెళుతున్న తీగ, దాని ఆ చివర మార్తమ్మ పెద్దమ్మ, ఈ చివర మాట లేని అమ్మ.

ఎర్రర్ చదువు. ముందు ఎర్రర్ చదువు సిల్వియా. కాలేజీలో పిల్లలకి రోజూ చెప్పే మాటే, ఎర్రర్ చూసి కంగారు పడకండమ్మా, అది తిట్టు కాదు, తనకేం కావాలో చెబుతోంది, చదవండి. చదివింది. ఫలానా హెడర్ ఫైలు కనబడలేదట. ఆ ఫైలు ఇంకో ప్యాకేజీలో ఉంటుంది, ఆ ప్యాకేజీ రెండో సీడీలో ఉండొచ్చు, రెండో సీడీ ఏ సొరుగులో ఉందో. లేచి వెతుకుతుంటే చేతికి పలక బలపం తగిలాయి, పాత ఎక్స్‌రే కవరు తగిలింది, నాన్న కళ్ళజోడు తగిలింది. సీడీ దొరికింది, దాని మీద గీతలు, చీర చెంగుతో తుడిచి లోపల పెట్టింది, డ్రైవు గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. ఆ శబ్దం వింటుంటే పళ్ళు పులిశాయి.

ఎందుకు అబద్ధం చెప్పాం అసలు. అప్పట్లో సరైన పనే అనిపించింది. నిరుడు ఆకివీడు చర్చి వార్షికోత్సవానికి వెళ్ళినప్పుడు అమ్మ పాటెత్తుకుంది, ఆ చర్చిలో ఏ పండగకైనా ముందుపాట అమ్మదే, రెండో చరణంలో గొంతు బొంగురుపోయింది, భోజనాల దగ్గర అందరి ముందూ పెద్దమ్మ అంది, ఏంటే అది, కప్ప కూసినట్టుంది, వయసొచ్చింది, ఇంక పాటలు పిల్లలకి వదిలెయ్. పెద్దమ్మ నోరు అలాంటిదే, పక్కనున్నవాళ్ళు నవ్వారు, అమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది, కైకలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏలూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బొంగురు వయసు కాదని తర్వాత తెలిసింది. డాక్టరు గారు చిన్న అద్దం గొంతులోకి పెట్టి చూసి, అద్దం బయటికి తీశాక చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు. అప్పుడే అక్కడ పెద్దమ్మకి మొదటిసారి గుండెపోటు, చెడ్డ కబురు చెవిన వెయ్యొద్దని వాళ్ళ డాక్టరు, అందుకని అన్నయ్యా తనూ అనుకుని చెప్పలేదు, ఎలా చెబుతారు, నువ్వు కప్ప కూతన్నది క్యాన్సరు పెద్దమ్మా అనా. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దమ్మ ఫోను చేసేది, సిల్వియా తీసేది, అమ్మ ప్రార్థనకెళ్ళింది పెద్దమ్మా, అమ్మ ఇప్పుడే పడుకుంది పెద్దమ్మా, అమ్మకి జలుబు. ఇంకా కోపం పోలేదా దానికి, అనేది పెద్దమ్మ. ఆ మాట ప్రతి ఆదివారం కొంచెం కొంచెం మెత్తబడుతూ వచ్చింది.

ప్యాకేజీ ఎక్కింది. మేక్ అని కొట్టి ఎంటర్ నొక్కింది. అక్షరాలు మళ్ళీ పరిగెత్తాయి, పోండి, పోండి, ఆగకండి, ప్రోగ్రాముని యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఒక్కో ఫైలూ మింగుతోంది, అర్థంకాని పొడుగాటి వరసలు, మధ్యలో వార్నింగులు, వార్నింగులు ఫరవాలేదు. అమ్మ మంచం దిగి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. ఊపిరి జడ మీద తగులుతోంది. పొద్దున్న అన్నయ్య నిజం చెప్పేశాడట, ఇంక దాచి ఏం లాభమని. పెద్దమ్మ నమ్మలేదు. పోయేదాన్ని ఊరుకోబెట్టడానికి కథలల్లుతున్నారు, అందట. సిల్వియా తనే అందుకుని, నిజం పెద్దమ్మా, ఒట్టు, అంటే, "నీ మాటలు వద్దమ్మా, ఏడాదిగా వింటున్నాను. దాన్ని పిలువు." అప్పుడు అమ్మ ఫోను లాక్కుంది. లాక్కుని నోరు తెరిచింది, నరాలు ఉబ్బేలా, గుడ్డ ఎగిరిపడేలా, ఉన్న ఊపిరంతా ఆ రంధ్రంలోంచి తన్నుకొచ్చింది, ఫోనులోకి ఒక్క అక్షరం పోలేదు. అటునుంచి పెద్దమ్మ ఏడుపు సిల్వియాకీ వినబడింది, "చూశావా జీవన్, ఫోను పట్టుకుని కూడా మాట్లాడదు." డాక్టరు గారు వచ్చి వెళ్ళాక మళ్ళీ చేస్తానని అన్నయ్య పెట్టేశాడు. అమ్మ ఫోను దించి, వేలెత్తి కంప్యూటర్‌ని చూపించింది.

అదే అమ్మ. వేసవిలో నవాజ్ తన నెట్ సెంటర్లో ఈ మాట్లాడే ప్రోగ్రాము డౌన్‌లోడ్ చేసి సీడీ రాసిచ్చినప్పుడు, తెలుగులో టైపు చేస్తే చదువుతుందండి, మగగొంతేననుకోండి, అయినా తెలుగే కదండీ, అని అతనంత ఇదిగా చెబితే, పలక మీద "నాకు మగాడి గొంతెందుకు" అని రాసి చూపించిన అమ్మ. సీడీ సొరుగులో పడి ఉంది. నీ గొంతు నేనున్నానుగా అనుకుంది సిల్వియా అప్పుడు. ఉంది కూడా. అమ్మ రాయడం, తను చదవడం. కానీ అమ్మ రాసింది రాసినట్టు ఎప్పుడు చదివింది. పాస్టరమ్మగారు ఎలిజబెత్ గంటల తరబడి కూర్చుని ఓదారుస్తుంటే, "ఓదార్చింది చాలు, లెమ్మను" అని అమ్మ రాస్తే, అమ్మకి నిద్రొస్తోందండి, అని చదివింది. కూరగాయలాయన్ని "పుచ్చు వంకాయలు ఎవరికి అంటగడతావు" అంటే, కొంచెం మంచివి చూసి ఇస్తారా అండి, అంది. అమ్మ బలపంతో పలకని టకటకా కొట్టేది. పోనీలేవే, నలుగురితో పని, అనేది తను. పెదపాడు స్కూల్లో కాలవ అవతలున్న పిల్లల్ని కూడా గొంతుతోనే లాక్కొచ్చిన టీచరు, ఏడాదిగా కూతురి మర్యాదలో ఊపిరాడక.

ఆగింది. ఈసారి వేరే ఎర్రరు. ఒకటి కాదు, దండులా. అదనపు అర్హత అనో ఏదో, మెంబరు పేరుకి ముందు ఏదో ఎక్కువైందంటోంది, చదివింది, మళ్ళీ చదివింది, ఇది హెడర్ లేకపోవడం కాదు, సీడీ వెతికితే పోయేది కాదు, ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రాములోనే తప్పుందంటోంది కంపైలరు. ఇన్నాళ్ళు ఎందరికో పనిచేసింది ఇప్పుడెలా తప్పయింది. నెట్‌లో చూడాలి. నెట్‌కి ఫోను లైను కావాలి. మోడెం కలిపితే లైను బిజీ, ఆ కాసేపట్లో అన్నయ్య చేస్తే. మోడెం కలపకపోతే ఈ తప్పు తేలదు, కలిపితే ఆ ఫోను తప్పిపోతుంది. చెయ్యి మౌసు మీద నిలిచిపోయింది. అమ్మని చూసింది. అమ్మకి మోడెం సంగతి తెలీదు, ఫోను తీగ పీకి కంప్యూటర్‌కి పెట్టడం మాత్రం ఎన్నోసార్లు చూసింది, ఫోను వంకా కూతురి వంకా మార్చి మార్చి చూసి, తనే వంగి తీగ పీకి సిల్వియా చేతిలో పెట్టింది.

మోడెం కీచుమంది, గొంతు సవరించుకుంది, మళ్ళీ కీచుమంది. త్వరగా, త్వరగా. పేజీ ఒక్కో వరసా దిగుతోంది, పైన బొమ్మ ముందు, బొమ్మ ఎవడికి కావాలి, ఆకివీడులో మంచం మీద పెద్దమ్మ ఉంటుంది, మందుల వాసన, కిటికీలోంచి చెరువులు, వానకి చెరువేదో రోడ్డేదో తెలియకుండా. పెద్దమ్మ అరచెయ్యి గరుకు. చిన్నప్పుడు అమ్మ అసలు మాట్లాడేది కాదట, ఇది పెద్దమ్మే చెప్పింది, కొల్లేటి లంక నుంచి పడవ మీద ఇద్దర్నీ ఏలూరు మిషను బోర్డింగుకి పంపితే అమ్మ ఏడాదిపాటు నోరు విప్పలేదట, అన్నం కావాలన్నా అక్కే అడగాలి, కడుపు నొప్పన్నా అక్కే చెప్పాలి, దొరసానమ్మ దీనికి మాట రాదేమో అంటే, వస్తుందండి, నాతో అంటది, నేను మీతో అంటాను, అందట మార్తమ్మ. గుర్రపుడెక్క తోసుకుంటూ పడవ వెళుతుంటే వెనక్కి తిరిగి ఇంటికేసి ఏడ్చే చెల్లెలు, ఏడవకే అని పాటెత్తే అక్క. సిల్వియా వాళ్ళని అలా ఎప్పుడూ చూడలేదు, అయినా చూసినట్టే ఉంటుంది.

దొరికింది. ఎవరో ఎవరికో ఇచ్చిన జవాబు. పాత కంపైలరు చూసీ చూడనట్టు ఊరుకునేదట, కొత్తది ఊరుకోదట, ప్రోగ్రాములో ఒక క్లాసు లోపలే ఉన్నదానికి మళ్ళీ ఆ క్లాసు పేరు ముందు తగిలించి రాశారు, అది తీసెయ్యండి, అంతే. ఇంట్లో మనిషిని ఇంటిపేరు పెట్టి పిలిచినట్టన్నమాట. ఇంతేనా. ఇంతే. తీగ పీకి ఫోనుకి పెట్టింది, ఎత్తి వింది, గుయ్యిమంటోంది, లైను ఉంది, కానీ ఇందాక మోగిందా, మోగితే మాత్రం ఎలా తెలుస్తుంది. ఫైలు తెరిచి అదనపు పేర్లు ఒక్కోటీ చెరుపుతూ పోయింది, ఇక్కడొకటి, ఇదిగో ఇక్కడ, ఒకచోట ఎక్కువ చెరిపేసి మళ్ళీ రాసింది, అమ్మ చెయ్యి భుజం మీద పడింది. ఆ చెయ్యి ఏమీ చెప్పడం లేదు. ఊరికే ఉంది.

మేక్. ఆగింది. ఇంకో ఫైల్లో అదే తప్పు. చెరిపింది. మేక్. ఆగింది. దేవుడా, ఎన్నిచోట్ల రాశాడు ఈ మహానుభావుడు. చెరిపింది. అక్షరాలు పరిగెత్తాయి, పరిగెత్తుతూనే ఉన్నాయి, ఈసారి ఎంతకీ ఆగవు, ఇందాక ఆగమాకండి అని బతిమాలుకున్నది ఇప్పుడు ఎప్పుడాగుతారని చూస్తోంది, ఆగాయి. ఎర్రరు లేదు. ఏమీ లేదు. కర్సరు ఒక్కటే. సీడీలోని తెలుగు గొంతు ఫైలుని దాని చోట పెట్టి, అమ్మ అని కొట్టి ఎంటర్ నొక్కింది. పెట్టె నోరు మెదపలేదు. మళ్ళీ నొక్కింది. ఎర్రరూ లేదు, మాటా లేదు. ఇంక ఏడుపొచ్చింది సిల్వియాకి. తప్పేదైనా ఉంటే దిద్దుతాం, ఏ తప్పూ లేకుండా మూగగా ఉన్నదాన్ని ఏం చేస్తాం. అమ్మ బల్ల కిందకి వంగింది. పొద్దున్న నేలకి తడిగుడ్డ పెట్టేటప్పుడు పీకిన స్పీకరు ప్లగ్గు తీసి చూపించింది. అది పెట్టి మళ్ళీ ఎంటర్ నొక్కగానే, ఇందాకటి నుంచి లోపల దాచుకున్నట్టు, గదిలో ఎవరిదో ముక్కు మూసుకున్న మగగొంతు, "అమ్మ," అంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

అప్పుడే ఫోను మోగింది.

"సిల్వీ, ఇందాకటి నుంచి లైను బిజీ అమ్మా," అన్నాడు జీవన్. "మేలుకునే ఉంది. చెవి దగ్గర పెడుతున్నాను."

"అన్నయ్యా, అమ్మ ఇప్పుడు కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. గొంతు వేరేగా ఉంటుంది. మాట అమ్మదే. పెద్దమ్మకి చెప్పు."

ఫోను స్పీకరు దగ్గర పెట్టి, ఇద్దరి చెవులకీ అందేలా ఒక చేత్తో పట్టుకుంది. అమ్మ పలక మీద రాసింది. సిల్వియా రెండో చేత్తో కొట్టడం మొదలుపెట్టింది, అక్కయ్య గారూ, బాగున్నారా, అని తెర మీద పడగానే అమ్మ చెయ్యి వచ్చి వేళ్ళ మీద చెళ్ళున తగిలింది. పలక చూపించింది. పలక మీద గారూ లేదు, బాగున్నారా లేదు. సిల్వియా చెరిపేసింది. ఉన్నది ఉన్నట్టు కొట్టింది.

"నేనే సువార్తని," అంది మగగొంతు, దీర్ఘాలు ఎక్కడపడితే అక్కడ సాగదీస్తూ. "నాకు కోపం లేదు. గొంతు లేదు."

వాన అటూ పడుతోంది, ఇటూ పడుతోంది. నీరసంగా, "ఎవరు బాబూ నువ్వు? జీవన్ స్నేహితుడివా?" అంది మార్తమ్మ. పోయింది, ఇంతే, నమ్మదు. చెబుదామని నోరు తెరిచింది, అమ్మ ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టి, రెండో చేత్తో రాసింది, రాస్తుంటే బలపం విరిగింది, ముక్కతోనే రాసింది. సిల్వియా చూసి ఆగిపోయింది. ఇది కొట్టనా అన్నట్టు చూసింది. అమ్మ ఊపిరి చప్పుడు ఒక్కసారి గట్టిగా వచ్చింది. కొట్టింది.

"కప్ప కూసినట్టుందన్నావుగా. ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది."

ఫోనులో ఏదో విరిగినట్టు చప్పుడు. ఏడుపో దగ్గో తెలియలేదు, తర్వాత తెలిసింది, నవ్వు, నవ్వలేని మనిషి నవ్వు, అందులోంచి అన్నయ్య కంగారు, అమ్మా, అమ్మా, మెల్లిగా, "ఉండరా," అంది పెద్దమ్మ. "ఒసే సువార్తా. నువ్వేనా. నిజంగానే పోయిందా గొంతు. ఆ రోజు అందుకేనా బొంగురు. నేనెంత మాటన్నానే."

అమ్మ రాసింది. "నీకేం తెలుసు. నాకే తెలీదు."

"నొప్పెట్టిందా?"

"పెట్టింది. ఇప్పుడు లేదు. నీకు?"

"నాకుంది. చెప్పను, వీడు కంగారుపడతాడు." ఊపిరి పీల్చుకోడానికి ఆగింది. "ఆ యంత్రం ఎవరు కొడుతున్నారే?"

"సిల్వియా."

"అయితే దాన్ని లెమ్మను. ఏడాది నుంచి మన మధ్య అదే ఉంది, పిచ్చిపిల్ల. నువ్వు కొట్టు."

అమ్మకి రాదు పెద్దమ్మా, అనబోయింది సిల్వియా. వేసవిలో కీల మీద తెలుగు అక్షరాల కాగితం ముక్కలు అతికించింది గానీ అమ్మ వాటిని ఒక్కసారి ముట్టుకోలేదు, ఏది ఎక్కడుందో తెలీదు, ఒత్తు ఎలా ఇవ్వాలో తెలీదు, గంట పడుతుంది ఒక మాటకి, పెద్దమ్మ దగ్గర గంటలున్నాయో లేవో. "టైం పడుతుంది పెద్దమ్మా," అంది.

"పట్టనీ అమ్మా. నేనెక్కడికీ వెళ్ళను," అంది మార్తమ్మ.

అమ్మ అప్పటికే కుర్చీ వెనక్కి లాగుతోంది. సిల్వియా లేచింది. ఒత్తు కోసం నొక్కాల్సిన కీ చూపించింది, మాట అయ్యాక నొక్కాల్సిన పెద్ద కీ చూపించింది, అమ్మ తల ఊపింది, ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది, ఏలూరు బజార్లో సరుకుల సంచీలు రెండు చేతుల్లో ఉన్నప్పుడు కూడా మెడ అలాగే వంచేది, ఆ మెడ మీద ఇప్పుడు తెల్లగుడ్డ. వెళ్ళు, అన్నట్టు చేత్తో తోసింది.

వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఏడాదిగా ఎప్పుడూ లేనట్టు చేతులు ఖాళీ. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాన జల్లు కాళ్ళ మీద పడుతోంది, వీధిలో నీళ్ళు మోకాలి లోతు, ఎవరో సైకిలు చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వెళుతున్నారు. వినకూడదనుకుంది. వినబడుతోంది. లోపల ఒక కీ చప్పుడు, చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. "అ," అంది మగగొంతు. అవతల పెద్దమ్మ ఆ అక్షరం పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది, కళ్ళు మూసుకుని. "అక," అంది గొంతు. కాదనుకుని అమ్మ చెరుపుతోంది కాబోలు, టకటకా చప్పుడు. సిల్వియా సాయం వెళ్ళబోయి, తలుపు మీద చెయ్యి వేసి, తీసేసింది. మెట్టు మీద కూర్చుంది. వాన ఒక్కసారి పెద్దదై మళ్ళీ తగ్గింది. లోపల కుర్చీ కిర్రుమంది, కీలు ఒక్కొక్కటిగా, ఆగి ఆగి, తర్వాత ఆ పెద్ద కీ గట్టిగా.

"అక్కా," అంది.